యూకే కేర్ ఉద్యోగం: డీబీఎస్ ఫారం ఎక్కడ ఆగుతుంది, ఏం చూపించదు

ఇంగ్లండ్‌లో వృద్ధులకో వికలాంగులకో స్నానం చేయించడం, తినిపించడం లాంటి పనిలో చేరాలంటే ఎన్‌హాన్స్‌డ్ డీబీఎస్ (ప్రభుత్వ సంస్థ చేసే నేరచరిత్ర తనిఖీలో పై స్థాయి), దానితోపాటు అడల్ట్స్ బార్డ్ లిస్ట్ (ఈ పని చేయకూడదని నిషేధించినవాళ్ళ జాబితా) చెక్ చేయిస్తారు. బేసిక్ చెక్ ఎవరికి వాళ్ళు చేయించుకోవచ్చు గానీ ఇది అలా కుదరదు. ఉద్యోగమిచ్చే సంస్థ నేరుగానో, అంబ్రెల్లా బాడీ (ఇతర సంస్థల తరఫున చెక్‌లు పెట్టే మధ్యవర్తి) ద్వారానో పెట్టాలి. ఏ సంస్థలోనూ ఉద్యోగం ఖాయం కాకముందే "ఎన్‌హాన్స్‌డ్ తీయించి పెడతాం" అని డబ్బడిగే ఏజెంటును నమ్మకండి. 2024 డిసెంబరు నుంచి ప్రభుత్వ ఫీజు 49.50 పౌండ్లు. ఆ పైన తీసుకునేది మధ్యవర్తి ఛార్జీ.

మనవాళ్ళకు మొదటి చిక్కు పేరే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంటులో పొడి అక్షరాలుంటాయి. పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాసి, వాడిన వేరే పేర్లన్నీ ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అన్నది కూడా చూపించాలి. పెళ్ళితో మారిన ఇంటిపేరూ ఇందులోకే వస్తుంది. వదిలేస్తే పొరపాటనుకోరు, దాచారనుకుంటారు.

రెండోది చిరునామాలు. గత ఐదేళ్ళవి, మధ్యలో ఖాళీ లేకుండా కావాలి, ఇండియావి కూడా. చదువుకునే రోజుల్లో నాలుగు ఊళ్ళలో షేరింగ్ గదుల్లో ఉన్నవాళ్ళకు ఇది పెద్ద పనే. పోలీస్ నేషనల్ కంప్యూటర్ (యూకే పోలీసు రికార్డులు), బార్డ్ లిస్టులు చూడటం అయ్యాక ఫారం యూకేలో మీరు ఉన్న ఊళ్ళ పోలీసు విభాగాలకు వెళ్తుంది. ఆలస్యమంతా సాధారణంగా అక్కడే. 60 రోజులు దాటితే త్వరపెట్టమని డీబీఎస్‌ను అడగవచ్చు. ఇక గుర్తింపు పత్రాల్లో ఒకటైనా ప్రస్తుత చిరునామాతో ఉండాలి. బ్యాంకు స్టేట్‌మెంటు మూడు నెలల లోపుదై ఉండాలి. మొబైల్ బిల్లు చెల్లదు.

సర్టిఫికెట్ పోస్టులో అభ్యర్థికే వస్తుంది. వచ్చిన తేదీ కాదు, దానిపై ముద్రించిన తేదీ నుంచి 30 రోజుల్లో అప్‌డేట్ సర్వీసులో (సర్టిఫికెట్‌ను తాజాగా ఉంచే డీబీఎస్ ఆన్‌లైన్ సేవ) చేరాలి, ఏడాదికి 16 పౌండ్లు. చేరితే కొత్త సంస్థ మీ అనుమతితో ఆన్‌లైన్‌లో చూసుకుంటుంది, అదే స్థాయి, అదే రకం పని అయితేనే. బ్యాంకు కార్డు మారి రెన్యువల్ తప్పిపోతే మళ్ళీ మొదటి నుంచే.

ఇంత చేసినా, డీబీఎస్ ఇండియాలోని కేసులను చూడదు. కేర్ వర్కర్లకు బయటి నుంచి కొత్త దరఖాస్తులు 2025 జూలైలో ఆగిపోయేదాకా, హెల్త్ అండ్ కేర్ వీసాకు అలా దరఖాస్తు చేసేవాళ్ళు, గత పదేళ్ళలో పన్నెండు నెలలు లేదా అంతకుమించి ఉన్న దేశం నుంచి పోలీస్ క్లియరెన్స్ ఇవ్వాల్సి ఉండేది. మనకైతే పాస్‌పోర్ట్ సేవా ద్వారా, ఫీజు 500 రూపాయలు. స్టూడెంట్ వీసా మీద వచ్చి అక్కడే కేర్ వీసాకు మారినవాళ్ళను హోం ఆఫీసు ఇది అడగదు. కాబట్టి జాగ్రత్త ఉన్న సంస్థ తనే అడుగుతుంది. నా లెక్కలో అడగని సంస్థే అనుమానించదగ్గది.

డీబీఎస్ క్లియర్‌గా వచ్చినా నియామకం పూర్తయినట్టు కాదు. సీక్యూసీ (ఇంగ్లండ్‌లో కేర్ సంస్థలను తనిఖీ చేసే నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం సంస్థ దగ్గర పూర్తి ఉద్యోగ చరిత్ర, మధ్యలోని ప్రతి ఖాళీకి రాతపూర్వక వివరణ ఉండాలి. గత ఐదేళ్ళది చాలదు. బీటెక్ అయ్యాక ఇంట్లో ఉండి పరీక్షలకు చదివిన రెండేళ్ళయినా సరే, ఆ మాటే రాయండి. గతంలో కేర్ పని చేసి ఉంటే అక్కడి నడవడికకు ఆధారం, మానేసిన కారణమూ అడుగుతారు. హాని చేసిన కారణంగా తీసేయాల్సి వచ్చిన వ్యక్తి ముందే రాజీనామా చేసినా, సంస్థ అతన్ని డీబీఎస్‌కు రిఫర్ చేయాల్సిందే. బార్డ్ లిస్టులో చేరాక ఈ పని చేయడం నేరం.

స్కాట్లండ్‌లో డీబీఎస్ బదులు పీవీజీ (పిల్లలతో, రక్షణ అవసరమైన పెద్దలతో పనిచేసేవాళ్ళకు అక్కడి తనిఖీ పథకం) సభ్యత్వం ఉంటుంది, 2025 ఏప్రిల్ 1 నుంచి చట్టప్రకారం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో కేర్ వర్కర్లకు రిజిస్టర్ లేదు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఉంది, చెక్‌తో పాటు అందులో పేరు నమోదు చేయించుకోవాలి.