చక్కెర వేయకుండా తియ్యని స్మూతీ: మా ఇంట్లో కుదిరిన తీరు

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. కూరగాయ ముక్క కంటపడితే కంచం పక్కకు జరుపుతుంది. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఉదయం ఆరింటికే బయలుదేరుతుంది కాబట్టి పాపను తయారుచేసి బడికి పంపే పని నాది. మెహదీపట్నంలో మేముండే వీధి చివరి కొట్టు నుంచి మామిడి పానీయం సీసా ఒకటి రోజూ తన సంచిలోకి చేరుతోందని నేను గమనించేసరికి రెండు నెలలు గడిచిపోయాయి. సీసా వెనక చిన్న అక్షరాలు చదివాను. పదార్థాలను బరువు ఎక్కువున్న వాటి నుంచి తక్కువున్న వాటికి వరుసగా రాయాలన్నది నిబంధన. అందులో మొదట నీళ్లు, తర్వాత చక్కెర, ఆ తర్వాతే మామిడి గుజ్జు. ఆ రోజే అనుకున్నాను, పాపకు ఇష్టమైన తీపిని స్మూతీగా, అంటే పండ్లు మిక్సీలో చిక్కగా తిప్పిన పానీయంగా, ఇంట్లోనే చేసి ఇవ్వాలని, అందులోకి కూరగాయ కూడా చేరాలని.

ఒక నియమం పెట్టుకున్నాను. చక్కెర, బెల్లం, తేనె మూడూ వద్దు. తేనె మంచిదే కదా అని మా అత్తయ్య అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తేనెలోని తీపిని, వడగట్టిన పళ్లరసంలోని తీపిని కూడా తగ్గించుకోవాల్సిన చక్కెరల్లోనే చేర్చారు. కొరికి తినే పండులోని తీపిని చేర్చలేదు. అందుకే వడగట్టకుండా గుజ్జంతా గ్లాసులోకే రావాలని, గ్లాసు చిన్నదిగా ఉండాలని కూడా నిశ్చయించుకున్నాను. నమిలి తినే పండు కన్నా తాగేది తొందరగా కడుపులోకి పోతుంది, ఎంత తీసుకున్నామో తెలియదు.

మొదటి రోజు పచ్చి క్యారెట్ ముక్కలు, పావు బీట్‌రూట్, అప్పుడే కొన్న అరటిపండు, పాలు, గుప్పెడు ఐసు ముక్కలు కలిపి మిక్సీలో తిప్పాను. క్యారెట్ నలగలేదు, రవ్వలా పంటికి తగిలింది. బీట్‌రూట్ నుంచి మట్టి వాసన వచ్చింది. తీపి లేనే లేదు. బడి బస్సు వచ్చే వేళవుతోంది, పాప మొహం ముడుచుకుంది. నియమం పక్కన పెట్టి మూడు చెంచాల చక్కెర వేశాను. గ్లాసు ఖాళీ అయింది కానీ నాకు రోజంతా బాధగానే ఉంది. ఆ సీసాలోని పానీయానికీ నేను చేసినదానికీ తేడా ఏముంది?

ఆ సాయంత్రం రైతుబజారు బయట తోపుడు బండి మీద పండ్లు అమ్మే ఒక పెద్దావిడకు సంగతి చెప్పాను. నేను ఏరుకున్న నిగనిగలాడే పసుపు అరటిపండ్ల అత్తాన్ని తీసి పక్కన పెట్టి, నల్ల మచ్చలు పడిన అత్తాన్ని చేతికిచ్చింది. “స్కూలు పాపకైతే ఇవి తీసుకో బిడ్డా. రేపటికి వీటిని ఎవరూ కొనరు. తీపి మాత్రం వీటిలోనే ఉంటుంది” అంది. అన్నమాట నిజం. కాయగా ఉన్నప్పుడు అరటిలో నిండా ఉండే పిండిపదార్థం పండేకొద్దీ చక్కెరగా మారుతుంది. తొక్క మీద మచ్చలు పడేనాటికి చాలా వరకు మారిపోయి ఉంటుంది. అంటే నాకు కావలసిన తీపి డబ్బాలో కాదు, రెండు మూడు రోజుల ఓపికలో ఉందన్నమాట. అప్పటి నుంచి పండ్లు కొన్న రోజున వాడటం మానేశాను. మచ్చలు పడ్డాక తొక్క తీసి, చక్రాలుగా కోసి, మూతున్న డబ్బాలో ఫ్రీజర్‌లో పెడతాను. గడ్డకట్టిన ఆ ముక్కలు మిక్సీలో వెన్నలా చిక్కగా నలుగుతాయి, ఐసుతో పని ఉండదు.

ఐసు మానడానికి ఇంకో కారణం ఉంది. ఒక ఆదివారం ఒకే జార్‌లోని స్మూతీని రెండు గ్లాసుల్లో పోసి, ఒకదాంట్లో ఐసు వేసి ఐదు నిమిషాలు ఉంచాను. ఏది ఏదో చెప్పకుండా పాపకు ఇచ్చాను. ఐసు వేయని గ్లాసు చూపించి “దీంట్లో చక్కెర వేశావు నాన్నా” అంది. ఐసు కరిగితే పలచనవుతుంది, అది ఒకటి. అంతకన్నా, నాలుక చల్లబడితే తీపిని సరిగా పట్టలేదు. కరిగిన ఐస్‌క్రీము గడ్డకట్టిన దానికన్నా తియ్యగా తోచడం మనందరికీ తెలిసిందే. అందుకే ఫ్రీజర్ ముక్కలతో చేసిన స్మూతీని కూడా గ్లాసులో పోశాక కాసేపు ఆగి ఇస్తాను. చిటికెలో సగం ఉప్పు, రెండు వేళ్ల మధ్య పట్టేంత యాలకుల పొడి వేస్తాను. ఉప్పు తీపిని పైకి తెస్తుంది. యాలకుల వాసన మనకు పాయసంతో, లడ్డూతో ముడిపడినది కనుక వాసన తగలగానే తియ్యగా అనిపిస్తుంది.

క్యారెట్ సమస్యకు ఇడ్లీ పాత్ర పరిష్కారం చూపింది. ఇడ్లీలు పెట్టే రోజున పై పళ్లెంలో పిండికి బదులు క్యారెట్ ముక్కలు సర్దుతాను. ఆవిరికి మెత్తబడిన క్యారెట్ పచ్చిదానికన్నా తియ్యగా ఉంటుంది, రవ్వ మిగలకుండా నలుగుతుంది. చలికాలంలో ఉత్తరాది నుంచి వచ్చే పొడవాటి ఎర్ర క్యారెట్ దొరికితే ఇంకా మంచిది.

అసలైన మలుపు చిలగడదుంపతో వచ్చింది. ఇక్కడి అంగళ్లలో దాన్ని కందగడ్డ అనీ, రత్నపురి గడ్డ అనీ అంటారు. గోదావరి వైపు నుంచి వచ్చినవారు కందగడ్డ అనగానే కంద అనుకుని ఇంటికి వేరేది తెచ్చుకునే అవకాశం ఉంది, కాబట్టి చూసి అడగండి. శివరాత్రి ఉపవాసానికి మా అమ్మ ఉడకబెట్టే గడ్డ తేనెలా ఉండేది. నేను ప్రెషర్ కుక్కర్‌లో ఉడికిస్తే అంత తీపి రాలేదు. అమ్మకు ఫోను చేసి అడిగాను. “కుక్కర్ ఎందుకు? దళసరి గిన్నెలో అడుగున కొంచెం నీళ్లు పోసి, మూతపెట్టి, సన్నని మంట మీద వదిలెయ్యి” అంది. దాని వెనకున్న కారణం తర్వాత చదివాను. గడ్డలో సహజంగా ఉండే ఒక ఎంజైమ్ దాదాపు 60 డిగ్రీల వేడి దాటాక పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. వేడి మరిగే స్థాయికి దగ్గరపడితే ఆ ఎంజైమ్ నశిస్తుంది. కుక్కర్ ఆ మధ్య దశను నిమిషాల్లో దాటించేస్తుంది. సన్నని మంట దానికి పని చేసుకునే సమయం ఇస్తుంది. అమ్మకు ఎంజైమ్ సంగతి తెలియదు, మంట సంగతి తెలుసు.

బొప్పాయితో ఒక దెబ్బ తిన్నాను. పాలలో బొప్పాయి వేసి ఉదయం చేసినది పాప సాయంత్రానికి దాచుకుంది. నాలుగింటికి తీసి చూస్తే పాలు విరిగినట్టు చిక్కబడి, చేదెక్కి ఉంది. బొప్పాయిలోని పపైన్ అనే ఎంజైమ్ పాలలోని మాంసకృత్తులను ముక్కలు చేస్తుంది, ఆ చేదు అందువల్లే. ఉడికించని అనాసపండుతోనూ ఇదే జరుగుతుంది. ఈ రెండింటినీ ఇప్పుడు నీళ్లతోనో, బత్తాయి తొనలతోనో మాత్రమే తిప్పుతాను. పాలు, పెరుగు కలపాలంటే అరటి, సపోటా, మామిడి ఉన్నాయి.

ఇంకో విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. సొరకాయ, కీరదోస స్మూతీలోకి చక్కగా కలిసిపోతాయి, రుచిలో అడ్డు రావు. కానీ కోయగానే ఒక చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయండి. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటసిన్లు విషపూరితమైనవి, ఉడికించినా పోవు. చేదు సొరకాయ రసం తాగినవారు తీవ్రమైన వాంతులు, కడుపునొప్పితో ఆసుపత్రి పాలైన సందర్భాలు, ప్రాణాలు పోయిన సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి దీనిపై హెచ్చరిక కూడా చేసింది. స్మూతీలో ప్రమాదం ఎక్కడంటే, అరటి తీపి ఆ చేదును కప్పేస్తుంది. అందుకే కలిపాక కాదు, కలపకముందే రుచి చూడాలి. పిల్లల కోసం చేసేవారు ఈ ఒక్క పని మరిచిపోవద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నాను.

పాలకూర గురించి ఎక్కువ చెప్పను. మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, ఆ నీళ్లు పారబోసి వాడితే ఆకులోని కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుకునే ఆక్సలేట్లు కొంత తగ్గుతాయి, పసరు వాసన పోతుంది. మామిడితో కలిపితే పాప తాగింది, సపోటాతో కలిపితే రంగు చూసి వద్దంది.

మిక్సీ విషయంలో వరుస ముఖ్యం. జార్ అడుగున పెరుగు లేదా పాలు, దాని మీద ఉడికిన మెత్తని ముక్కలు, అన్నిటికన్నా పైన గడ్డకట్టినవి. వరుస తిరగబడితే బ్లేడు ఖాళీగా తిరుగుతుంది, కొట్టుకుని ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు మిక్సీ పాడైందని మెకానిక్ దగ్గరకు తీసుకువెళ్లబోయాను. మోటారు మీద భారం పడితే ఆపేసే మీట చాలా మిక్సీలకు అడుగు భాగంలో ఉంటుంది. ప్లగ్గు తీసి, కాసేపు చల్లబడనిచ్చి, దాన్ని నొక్కితే మళ్లీ తిరిగింది.

తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. రోజంతటి ఆహారానికి చూపిన నమూనాలో కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. అది చూశాక నా గ్లాసు వైపు చూసుకున్నాను. రెండు పండ్లకు నాలుగు క్యారెట్ ముక్కలు వేసి కూరగాయల స్మూతీ అంటున్నాను! అప్పటి నుంచి వారానికి కొంచెం చొప్పున పండు తగ్గిస్తూ, కూరగాయ పెంచుతూ వచ్చాను. ఒకేసారి మార్చి ఉంటే పాప పట్టేసేది. మొదట్లో రెండు ఖర్జూరాలు నానబెట్టి వేసేవాణ్ణి, తర్వాత ఒకటి, ఇప్పుడు అదీ లేదు. ఖర్జూరం పండే, తప్పు లేదు. కానీ తీపి బాగా చిక్కబడిన పండు కనుక నాలుకకు అంత తీపే అలవాటవుతుందని మానేశాను.

ఇప్పుడు మా ఇద్దరి గ్లాసులకు పడేవి ఇవి: మచ్చలు పడ్డ అరటిపండు ఒకటి, గడ్డకట్టించినది. సన్నని మంట మీద మగ్గిన చిలగడదుంప, నాలుగు పెద్ద చెంచాలు. ఆవిరిపట్టిన క్యారెట్ ఒకటి, తొక్క తీసిన కీరదోస సగం, ఒక గరిటెడు కమ్మని పెరుగు, పావు గ్లాసు నీళ్లు, ఆ ఉప్పూ యాలకులూ. బీట్‌రూట్ వేయాలనుకుంటే బొటనవేలంత ముక్క ఉడికించి వేస్తాను, రంగు వస్తుంది, మట్టి వాసన తెలియదు. వేసవిలో అరటి బదులు బంగినపల్లి. ఆ రోజుల్లో కూరగాయ వాటా ఇంకా పెంచవచ్చు, దాని తీపి అంత మోస్తుంది.

ఇది మధ్యాహ్నం అన్నంలోకి కూరకు బదులు కాదని పాపకు మొదటి నుంచీ చెబుతున్నాను. కంచంలో కూర ఇంకా పక్కకు జరుగుతూనే ఉంది, ఒక్క క్యారెట్ వేపుడు తప్ప. ఇప్పుడు సీతాఫలాలు బండ్ల మీదికి వచ్చాయి. గింజలు మిక్సీలో పడకూడదు, అవి మంచివి కావు. కాబట్టి మేమిద్దరం పళ్లెం ముందు కూర్చుని ఒక్కో గింజా చేత్తో తీస్తున్నాం. తీసిన గుజ్జులో సగం జార్‌లోకి చేరకముందే పాప తినేస్తోంది. రేపటికి రెండు కాయలు అదనంగా తేవాలి.