కలంకారీ జాకెట్టు మీద పసుపు మరక

మాది తిరుపతి. ఇంటి వెనక రెండు గదుల్లో, లైసెన్సు తీసుకుని క్రీములు, సున్నిపిండి, కలబంద జెల్ తయారుచేస్తాను. పోయిన ఏడాది శ్రీకాళహస్తి కలంకారీతో డ్రెస్సులు డిజైన్ చేసే ఒక అక్క ఫోన్ చేసింది. "తిరుపతిలో ర్యాంప్ షో పెడుతున్నా. మోడళ్ల స్కిన్ కేర్ అంతా నువ్వు చూసుకో, నీ బ్రాండ్ పేరు కూడా వేద్దాం" అంది. 2000లో ఢిల్లీలో జరిగిన మన దేశపు తొలి ఫ్యాషన్ వీక్ లాక్మే అనే సౌందర్య సాధనాల బ్రాండ్ పేరు మీదే జరిగింది. అలాంటి పని నా గడప దాకా వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. వెంటనే ఒప్పుకున్నాను.

డబ్బుల సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. షో ఖర్చు ఆమెది. మోడళ్లకు వాడే సరుకు, అతిథులకిచ్చే 20 గ్రాముల డబ్బాలు నావి. కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం. డబ్బాల మీద తన బొమ్మలు మాత్రమే ఉంటే అందమంది అక్క. ఊరికే ఇచ్చినా లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ చిరునామా, ఎప్పటిలోగా వాడాలో ఉండాల్సిందేనని 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ చూపించాను. శేషాచలం పేరు కలిసొస్తుందని ఎర్రచందనం వేయమని కూడా అడిగింది. అనుమతులు లేకుండా ముట్టుకునే చెక్క కాదది, వద్దన్నాను.

అసలు టెన్షన్ ట్రయల్ రోజు మొదలైంది. ఎనిమిదిమంది అమ్మాయిలకు మోచేతి లోపలివైపు రాసి రెండు రోజులు ముందే చూశాను, ఎవరికీ దురద రాలేదు. ఆ ధైర్యంతో బాగా అమ్ముడుపోయే నా పసుపు క్రీమే మెడ దాకా రాశాను. అరగంటకల్లా మీగడ రంగు కలంకారీ జాకెట్టు మెడ అంచున బొటనవేలంత వెడల్పు పసుపు చార. సాయానికొచ్చిన అమ్మాయి కంగారుపడి సబ్బు రుద్దింది. కళ్లముందే ఆ పసుపు పారాణిలా ఎర్రబడింది. పసుపులో సున్నం కలిస్తే జరిగేదే సబ్బుతోనూ జరిగింది. ఆ సంగతి తెలిసి కూడా నేను అడ్డం పడలేకపోయాను. అక్క ఒక్క మాటా అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

తెల్లారే జాకెట్టు పట్టుకుని కాళహస్తి బస్సెక్కాను, ఆ బొమ్మలు వేసిన పెద్దాయన దగ్గరికి. చూసి, "సబ్బు పెట్టాకు పాపా. నిమ్మకాయ కూడా వద్దు, నల్లరంగు తేలిపోతాది" అన్నాడు. ఆ నలుపు బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టి తీసింది. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టాకే కలం పెడతారు. మంచినీళ్లలో అంచు మాత్రం నాలుగైదుసార్లు జాడించాడు. ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలింది. బొమ్మలున్న మేర మందపు గుడ్డ కప్పి, మరకను మాత్రం ఎండకు వదిలేశాడు. పసుపు ఎండకు నిలవదు కదా. రెండో రోజు సాయంత్రానికి వెతికితేగానీ కనబడనంతగా వెలిసింది.

ఇంటికొచ్చి పసుపు క్రీమ్ పక్కన పెట్టేశాను. నూనె గానీ రంగు గానీ లేని కలబంద జెల్ నా చేతికే రాసుకుని, తెల్ల నూలుగుడ్డ అద్ది చూశాను. అయిదు నిమిషాలకు తడి అంటింది. పది నిమిషాలకు సన్నటి మెరుపు. ఇరవైకి గుడ్డ శుభ్రంగా ఉంది. షో షెడ్యూల్‌లో నా పనికి ఇచ్చింది పది నిమిషాలే. అరగంట కావాలని పట్టుబట్టాను. మేకప్ వాళ్లు విసుక్కున్నారు, నేను మాత్రం తగ్గలేదు.

షో రోజు ఒక్కో అమ్మాయి మెడకు తెల్లగుడ్డ అద్ది, మరక లేదని చూశాకే జాకెట్టు వేయనిచ్చాను. గొంతు కింద చుక్క కూడా రాయలేదు. ఎనిమిదిమందీ నడిచి వచ్చారు.

అంతా అయ్యాక అక్క ఆ జాకెట్టే తీసుకుని, మెడ అంచు తిప్పి ట్యూబ్‌లైటు కింద చాలాసేపు చూసింది. మడిచి సంచిలో పెడుతూ, "వచ్చే షోకి నీ పేరు పక్కన అరగంట అని ఇప్పుడే రాసుకుంటున్నా" అంది.