రొయ్యల చెరువు, ఓసీడీ, 200 ఎంజీ

చెరువుల మీద బతికేవాడికి చెకింగ్ జబ్బు, అంటే చూసిందే మళ్ళీ మళ్ళీ చూసుకునే ఓసీడీ, వస్తే ఎవరూ పట్టుకోలేరండీ. మాది ముమ్మిడివరం పక్కన ఊరు, వనామీ రొయ్యలు వేస్తాం. రాత్రిళ్ళు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోద్ది, తెల్లారుగట్ల మరీ తక్కువ, ఆ టైంలో కరెంటు పోయి నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగి, జనరేటర్ గానీ వెయ్యలేదంటే తెల్లారేసరికి పంట మొత్తం పోయినట్టే. అంచేత అర్ధరాత్రి లేచి చూసుకోవడం ఇక్కడ అందరూ చేసేదే. నేను మాత్రం చూసొచ్చి గట్టు దిగకముందే మళ్ళీ వెనక్కి వెళ్ళేవాణ్ణి. ఏరియేటర్ చప్పుడు వినపడుతూనే ఉంటది, తుంపర మొహాన పడుతూనే ఉంటది, అయినా ఇది నిజంగా తిరుగుతోందా అని స్టార్టర్ బటన్ పక్కన వేలు పెట్టుకుని నిలబడిపోయేవాణ్ణి. కొన్నాళ్ళకి ఫోన్లో వీడియో తీసుకోవడం మొదలెట్టా, ఇంటికొచ్చి మంచం మీద అదే చూసుకోవడం, చూశాక ఇది ఇవాల్టి వీడియోనా నిన్నటిదా అని కొత్త అనుమానం. ఊళ్ళో నాకున్న పేరేంటంటే జాగ్రత్తపరుడు. మా బాబాయ్ అయితే వాళ్ళబ్బాయిని తిట్టినప్పుడల్లా "అన్నయ్యని చూసి నేర్చుకోరా" అనేవాడు.

ఇది ఒకెత్తు. రెండోది ఎవరికీ చెప్పుకోలేనిది. పాపని ఎత్తుకుని గట్టు మీద నడుస్తుంటే, దీన్ని చెరువులోకి విసిరేస్తానేమో అని ఒక ఆలోచన వచ్చి పడేది. కోపం లేదు ఏం లేదు, అది నా ప్రాణం. ఆలోచన రాగానే ఒళ్ళంతా చెమటలు. నెమ్మదిగా పాపని ఎత్తుకోవడం మానేశా, నడుం నొప్పి అని చెప్పి. మా ఆవిడేమో నాకు ఆడపిల్లంటే ఇష్టం లేదేమో అనుకుని లోపల్లోపల కుమిలిపోయిందట, అది ఆ తర్వాతెప్పుడో చెప్పింది.

నిద్ర పట్టట్లేదని ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తే ఆల్ప్రజోలమ్ రాసిచ్చాడు. వేసుకున్న రాత్రి నిద్ర పట్టేది, పొద్దున్నే అనుమానాలు ఎప్పట్లాగే. నెలల తరబడి అదే నడిచింది. ఆ బిళ్ళ ఓసీడీని తగ్గించదు, పైగా అలవాటు పడిపోతాం, ఉన్నపళంగా ఆపితే ఇంకా ఇబ్బంది. తర్వాత సైకియాట్రిస్టు గారు దాన్ని కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించాల్సి వచ్చింది.

కాకినాడ తీసుకెళ్ళింది మా బావమరిది. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్తుంటే బండి ఆపించి "బావా, పిచ్చి డాక్టరనుకోకు, తలనొప్పికి వెళ్తున్నాం అనుకో" అన్నాడు, వాడి తెలివి వాడిది. డాక్టరు గారు మధ్యవయసు మేడం, ముందు చెరువుల గురించే అడిగారు, పక్క రైతులు రాత్రికి ఎన్నిసార్లు లేస్తారు, మీరెన్నిసార్లు లేస్తారు అని. ఆ తర్వాత ఒక ప్రింటు కాగితం తీసి ఒక్కోటీ చదవడం మొదలెట్టారు, చేతులు కడుక్కోవడం, గొళ్ళాలు చూసుకోవడం, దేవుడి ముందు బూతు ఆలోచనలు రావడం, అలా వెళ్తూ వెళ్తూ "ఇష్టమైనవాళ్ళకి నా చేత్తో ఏదైనా హాని జరుగుతుందేమో అని భయం వస్తుందా" అన్నారు, మొహం కూడా పైకెత్తకుండా, బజారు చీటీ చదివినట్టు. నాకొక్కడికే ఉందనుకున్నది ఆ కాగితం మీద ముందే అచ్చయి ఉందండీ! ఏడుపు ఆగలేదు. అలాంటి ఆలోచన వచ్చి భయపడి దూరం జరిగేవాళ్ళు ఓసీడీ వాళ్ళే, చెయ్యాలనుకునేవాడు ఇలా చెమటలు పట్టి పారిపోడు అన్నారు. ఎంత తీవ్రంగా ఉందో లెక్కేసే స్కేలు ఒకటుంది, పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. పరీక్షల్లో ఎప్పుడూ రాని మార్కులు నాకు అందులో వచ్చాయి.

మందు సెర్ట్రలిన్. 50తో మొదలెట్టి మెల్లగా పెంచుకుంటూ 200కి తీసుకెళ్ళారు. డిప్రెషన్‌కి చాలామందికి 50, 100 సరిపోద్దట, ఓసీడీకి డోసూ ఎక్కువే కావాలి టైమూ ఎక్కువే కావాలి, 8 నుంచి 12 వారాలు చూడకుండా పని చెయ్యలేదనకూడదు అని మొదటిరోజే చెప్పారు. దీంతో కాకపోతే ఇదే జాతిలో ఇంకోటి, అదీ కాకపోతే క్లోమిప్రమిన్ అని పాత మందుంది, దానికైతే ఈసీజీ చూసుకుంటూ ఇవ్వాలి అని కూడా చెప్పారు. అలా ముందే చెప్పబట్టి సరిపోయింది గానీ లేకపోతే మొదటి వారంలోనే గోదాట్లో పారేసేవాణ్ణి. కడుపులో తిప్పడం, విరేచనాలు, కూర్చుంటే కుదురుండదు, అనుమానాలు తగ్గకపోగా ఇంకాస్త ఎక్కువైనట్టు. టిఫిన్ తిన్నాక వేసుకోమన్నారు, అలా చేస్తే తిప్పడం తగ్గింది. రెండు మూడు వారాలకి కడుపు కుదుటపడింది. జబ్బు మాత్రం అక్కడే కూర్చుంది.

మా అమ్మ "ఒరేయ్, ఆ మత్తుబిళ్ళలు అలవాటైపోతాయిరా" అని రోజూ అదే పాట. మత్తూ లేదు ఏమీ లేదు, బండి నడుపుతున్నా, మేత లెక్కలు రాసుకుంటున్నా, రొయ్యలు మేత తిన్నాయో లేదో తెలిసే చెక్ ట్రేలు తీసి చూసుకుంటున్నా. ఆపేటప్పుడు ఒక్కసారిగా ఆపకూడదు, తల తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టుండడం వస్తాయి, అంతవరకు నిజం. అది ఆల్ప్రజోలమ్ లాంటి వ్యసనం కాదని ఆవిడకి చెప్పలేక నోరు పడిపోయింది, ఆ ఆల్ప్రజోలమ్ వాడినన్నాళ్ళూ మాత్రం ఆవిడ ఒక్క మాటనలేదు చూడండి.

పని చేస్తోందని తెలిసింది ఎలాగంటే, ఒకరోజు గట్టు దిగుతుంటే వెనక్కి వెళ్ళాలనిపించింది, అదే సమయానికి రొయ్యలు కొనే ఆయన ఫోన్ చేశాడు, 30 కౌంట్, అంటే కిలోకి 30 తూగే రొయ్య, రేటు మీద బేరం సాగి సాగి ఇంటిదాకా వచ్చేశా, వచ్చాక గానీ గుర్తుకు రాలేదు నేను వెనక్కి వెళ్ళలేదని. ఆలోచన రావడం ఆగలేదు, ఇప్పటికీ వస్తుంది. ఇదివరకు వస్తే పీక పట్టుకునేది, ఇప్పుడు వచ్చి కాసేపు నస పెట్టి పోతుంది.

ఒక్క మందుతోనే అయిందని చెప్పను. రాత్రి మన చెరువు కుర్రాడు ఎన్నిసార్లు చూస్తాడో నేనూ అన్నిసార్లే చూడాలి, వీడియో తియ్యకూడదు, అనుమానం వస్తే రానివ్వాలి, తిరిగి వెళ్ళకూడదు అని మేడం గారు నేర్పించారు, ఓసీడీకి చేసే థెరపీ అదేనట. మా ఆవిడకీ ఒక పని అప్పజెప్పారు. "ఆన్‌లోనే ఉందంటావా?" అని నేనడిగితే ఆవిడ జవాబు చెప్పకూడదు. ఇదివరకు విసుక్కుంటూనైనా "ఉందండీ బాబూ, ఉంది" అనేది, ఇప్పుడు "మేడం గారు చెప్పొద్దన్నారుగా" అని అటు తిరిగి పడుకుంటుంది. మొదట్లో చచ్చేంత కోపమొచ్చేది. మందు లేనప్పుడు ఇది నావల్ల అయ్యేది కాదు, అది మాత్రం ఖాయం.

పాపని ఎత్తుకోవడం చివర్లో వచ్చింది. ముందు ఇంట్లో, తర్వాత వీధిలో, ఆ తర్వాత గట్టు మీద. అది నా మెడ పట్టుకుని "నాన్నా, చేపలు చూపించు" అంటుంటే లోపల ఆ దరిద్రపు ఆలోచన వస్తూనే ఉంది, దాన్ని రానిచ్చి చెరువు చుట్టూ పూర్తిగా ఒక రౌండు వేశా. చేపలు కాదే అవి రొయ్యలు అంటే వినదు.

ఎవరూ చెప్పని ఇంకో విషయం చెప్పాలి, మగాళ్ళు దీనికే బిళ్ళలు మానేస్తారు కాబట్టి. ఈ మందు మీద కోరిక తగ్గుద్ది, స్ఖలనం బాగా ఆలస్యమవుద్ది, కొంతమందికి అసలవదు. నేను సిగ్గుపడి చెప్పకపోతే మా ఆవిడే మేడం గారితో చెప్పేసింది. చాలామందికి వచ్చేదే, డోసు తగ్గించో మందు మార్చో చూడొచ్చు, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు అన్నారు. మందుల ఖర్చు పెద్ద లెక్క కాదు, జన ఔషధిలో తీసుకుంటున్నా. కాకినాడ దాకా వెళ్ళలేనివాళ్ళు ముందు 14416కి ఫోన్ చెయ్యొచ్చు, ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

బాగైపోయావుగా, ఇంకెందుకు అంటాడు మా బావమరిది. బాగయ్యాక కూడా కనీసం ఏడాది రెండేళ్ళు వాడాలి, తొందరపడి ఆపినవాళ్ళలో చాలామందికి తిరగబెడుతుంది అని మేడం గారి చేత వాడి ముందే చెప్పించా. పోయినసారి వెళ్ళినప్పుడు పైన చెప్పిన ఆ మగాళ్ళ ఇబ్బంది కోసం 150కి దించి చూద్దామా అన్నారు మేడం గారు. రొయ్యలు పట్టేసి పట్టుబడి అయ్యాక మొదలెడదామండీ అన్నా, చెరువులో సరుకు ఉండగా ఇలాంటి ప్రయోగాలు నాకొద్దు. ఆవిడ నవ్వి సరే అని చీటీ మీద 200 అనే రాసిచ్చారు.