మూత వల్లే పెరుగైందంట!

మా చిన్నదానికి నాలుగేళ్లు. మొన్న సాయంత్రం బయటికెళ్తుంటే "నాన్నా, గొడుగొద్దు, గొడుగు తీసుకెళ్తే వాన పడుద్ది" అంది. నవ్వొచ్చింది గానీ దాని లెక్క కూడా తప్పేం కాదు, ఈ వానాకాలం బెంగళూరు మారతహళ్లిలో మేం గొడుగు పట్టుకుని బయల్దేరిన ప్రతిసారీ వాన పడింది మరి.

పియాజే అని స్విట్జర్లాండ్ సైకాలజిస్ట్ ఉండేవాడు (1896-1980), ఆయన కూతురు కూడా ఇంతే, నేనింకా నిద్రపోలేదు కాబట్టి మధ్యాహ్నం అవ్వలేదు అందట. ఏ రెండు ఎప్పుడూ కలిసి కనపడితే వాటికి ముడిపెట్టేస్తారు పిల్లలు. అయినా మనమేం తక్కువా, పిల్ల పరిగెత్తి పడితే "నేల కొట్టిందా, ఉండు దాన్ని కొడతా" అని నేలని రెండు బాదుతాం, పాపం నేలేం చేసింది!

వివరంగా చెప్పి చూశా, వినలేదు. సరే, చేసి చూపిద్దాం అనుకున్నా. వాళ్ల నానమ్మ ఎప్పుడూ పాలల్లో తోడేసి మూత పెడుతుంది కదా, గొడుగు లాగే, పెరుగయ్యేది మూత వల్లే అని కూడా దీని నమ్మకం. మూడు చిన్న స్టీలు గిన్నెలు తీసి గోరువెచ్చటి పాలు పోశాం. ఒకదాంట్లో తోడేసి మూత పెట్టాం, రెండోదానికి తోడు లేకుండా మూత, మూడోదాంట్లో తోడుంది మూత లేదు. తోడు అదే వేసింది, ఒక్కో చుక్కకి ఊపిరి బిగబట్టుకుని మరీ. మూడింటినీ ఓవెన్లో, ఆన్ చెయ్యకుండానే, పక్కపక్కనే పెట్టాం. ఎందుకంటే మార్చేది ఒక్కటే ఉండాలి, ఒక గిన్నె కిటికీ దగ్గర ఇంకోటి స్టవ్ పక్కన పెడితే దేనివల్ల అయిందో నాకే తెలీదు.

పొద్దున ఆరింటికి లేచి చూస్తే మూడూ పాలే! పిల్ల మొహం చిన్నబోయింది. గుంటూరు ఫోన్ చేస్తే మా అమ్మ "ఆ ఊరి చలికి ఇంకాస్త వెచ్చగా ఉన్నప్పుడే తోడెయ్యాలిరా, ఆ మాత్రం తెలీదా" అని క్లాస్ పీకింది. నిజమే, పాలని పెరుగు చేసే బాక్టీరియాకి 40 డిగ్రీల దగ్గర హుషారు, ఇక్కడ రాత్రి 20 దాటట్లేదు. అంటే తోడొక్కటే చాలదు, వెచ్చదనం కూడా కావాలి, ఇది నా ప్లాన్లో లేని పాఠం.

పదిన్నరకి మళ్లీ చూశాం. మొదటిది, మూడోది తోడుకున్నాయి, కాస్త పల్చగా. మూతున్న రెండోది పాలుగానే ఉంది. పిల్ల మూడు గిన్నెలూ వంచి వంచి చూసి, రెండోదాంట్లో వేలు పెట్టి నాకి, చాలాసేపు ఏం మాట్లాడలేదు.

"అయితే మూతెందుకు మరి?"

"బొద్దింకలు పడకుండా."

"ఓ."

సాయంత్రం గొడుగు తలుపు దగ్గర పెట్టి, "నాన్నా, ఈరోజు తీసుకెళ్లం, రేపు తీసుకెళ్దాం, చూద్దాం" అంది. నాకు కుదరదు అనే ధైర్యం లేక అలాగే వెళ్లాం, ఇద్దరం తడిసి ముద్దయి వచ్చాం, వాళ్లమ్మ నన్నే తిట్టింది.