అమ్మమ్మతో పబ్బుకి

ఇంగ్లండ్‌లోని రెడింగ్ ఊళ్ళో పదమూడేళ్ళుగా ఉంటున్నాం. ఇన్నేళ్ళలో నేను పబ్బు గడప తొక్కింది ఆఫీసు వాళ్ళ వీడ్కోలు పార్టీలకి రెండు మూడుసార్లే. పిల్లలతో ఒక్కసారి కూడా వెళ్ళలేదు. స్కూల్లో పరిచయమైన తల్లిదండ్రులు ఆదివారం పూట "పొలాల వెంట కాసేపు నడిచి పబ్బులో భోంచేద్దాం, వస్తారా?" అని పిలిచినప్పుడల్లా ఏదో ఒక పని చెప్పి తప్పించుకునేదాన్ని. మా పెద్దది ఇయర్ సిక్స్‌కి, అంటే ప్రైమరీ స్కూలు ఆఖరి తరగతికి, వచ్చాక సూటిగా అడిగేసింది.

"మా క్లాసులో అందరూ వెళ్తారు. చిప్స్ తింటారు. కుక్కలు కూడా వస్తాయి. మనమెందుకు వెళ్ళం?"

"మనవాళ్ళు అలాంటి చోట్లకి వెళ్ళరు" అన్నాను. అది నిజం కాదని నోట్లోంచి మాట వస్తుండగానే నాకు తెలుసు. హైదరాబాద్ పబ్బుల్లో మా చుట్టాల పిల్లలు దిగిన ఫొటోలు అది నా ఫోన్లోనే చూసింది. అసలు కారణం చెప్పాలంటే మా నాన్న గురించి చెప్పాలి. ఆ మాట ఎత్తడం నాకు చేతకాలేదు.

మాది నెల్లూరు జిల్లాలో ఒక పల్లెటూరు. నాన్న కూలి డబ్బులు ఇంటికి వచ్చే దారిలోనే సారా ప్యాకెట్లకి పోయేవి. 1992లో దూబగుంట ఆడవాళ్ళు వాళ్ళ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. అక్షరాస్యత ఉద్యమం పుస్తకంలో ఆ సంగతి పాఠంగా వచ్చి ఊరూరా పాకింది. మా అమ్మ అప్పటికి రాత్రిబడిలో అక్షరాలు కూడబలుక్కుంటోంది. కొన్నాళ్ళకే మా ఊరి ఆడవాళ్ళూ వెళ్ళి దుకాణం ముందు బైఠాయించారు. వాళ్ళలో అమ్మ కూడా ఉంది. జిల్లాలో సారా వేలంపాటల్ని ఆడవాళ్ళు జరగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సాయంత్రం పూట అమ్మ ముఖంలో భయం లేకపోవడం నేను మొదటిసారి చూసింది ఆ రోజుల్లోనే.

మొన్న వేసవిలో అమ్మ ఇక్కడికి వచ్చింది. ఇయర్ సిక్స్ అయిపోయిన సందర్భంగా పిల్లల కుటుంబాలన్నీ ఆల్డ్‌వర్త్ అనే పల్లెకి వెళ్దామనుకున్నారు. కూతురు అమ్మమ్మ ముందే అడిగింది. నేను నీళ్ళు నములుతుంటే అమ్మే అంది: "పిలిచినప్పుడు పోకపోతే ఏం బాగుంటాది? పోదాం పా."

ఆల్డ్‌వర్త్ బెర్క్‌షైర్ కొండల మీద ఉంటుంది. థేమ్స్ ఒడ్డున ఉన్న స్ట్రీట్లీ నుంచి పైకి ఎక్కాలి. ఇంగ్లండ్‌లోని అతి పాత కాలిబాటల్లో ఒకటైన రిడ్జ్‌వే అక్కడికి దగ్గర్లోనే పోతుంది. ముందు సెయింట్ మేరీస్ చర్చి చూశాం. లోపల తొమ్మిది రాతి విగ్రహాలున్నాయి. 14వ శతాబ్దంలో ఆ ప్రాంతాన్ని ఏలిన దె లా బెష్ వంశం వాళ్ళవి. మనుషుల కంటే పెద్దగా మలిచారు కాబట్టి ఊరివాళ్ళు వాటిని రాక్షసులంటారు. 17వ శతాబ్దపు అంతర్యుద్ధం కాలంలో వాటి ముఖాలూ చేతులూ విరగ్గొట్టారు. మా చిన్నోడు ఒక్కో విగ్రహం పక్కన నిలబడి ఎత్తు కొలుచుకున్నాడు. అమ్మ మాత్రం పబ్బు ఎదురుగా ఉన్న ఊరబావి దగ్గర ఎక్కువసేపు ఆగింది. దాని లోతు మూడువందల యాభై అడుగుల పైమాటే అని చెప్తే, "అంత లోతు నించి నీళ్ళు తోడినోళ్ళ చేతులు ఏమై ఉంటాయో" అంది. చర్చిలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

ఆ పబ్బు పేరు ది బెల్. పెద్ద పెద్ద చెక్క దూలాలున్న పాత ఇల్లు. రెండువందల యాభై ఏళ్ళకి పైగా ఒకే కుటుంబం నడుపుతోంది. మంచి బీరు కోసం, పాత పబ్బుల్ని కాపాడుకోవడం కోసం 1971లో పుట్టిన కామ్రా అనే సంఘం దీన్ని 1990లోనూ, 2019 సంవత్సరానికి మళ్ళీ దేశంలోనే ఉత్తమ పబ్బుగా ఎంచింది. లోపల సినిమాల్లో చూపించినట్టు పొడవాటి కౌంటర్ ఉండదు. గోడలో అద్దాల కిటికీ ఉంటుంది, దానిలోంచే అడిగింది అందిస్తారు. మా ఊళ్ళో శెట్టి గారి అంగడి కిటికీ గుర్తొచ్చింది. పిల్లలకి జింజర్ బీర్ (పేరే బీరు, అందులో మత్తేమీ లేదని అమ్మకి ముందే చెప్పాను), అమ్మకి యాపిల్ రసం, అందరికీ చీజ్ పెట్టిన వేడి బన్నులు తీసుకున్నాం.

గదిలో మూడు వందల ఏళ్ళ నాటి గడియారం ఉంది. దానికి ఒకటే ముల్లు. "నిమిషాల ముల్లు ఊడిపోయిందా?" అన్నాడు చిన్నోడు. మొదటి నుంచీ అంతేనని విని అమ్మ నవ్వింది. "పొలం పనికి పొయ్యేటోళ్ళకి నిమిషాలెందుకురా?"

తోటలో కూర్చున్నాం. అమ్మ చుట్టూ చూస్తూనే ఉంది. పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన పైంట్ గ్లాసు, అంటే అరలీటరు పైన పట్టేది, ముందు పెట్టుకుని మనవరాలితో పేకాడుతున్నాడు. ముప్పావు గంటకి కూడా అది సగమే ఖాళీ అయింది. అమ్మ ఆ గ్లాసు మీద నుంచి చూపు తిప్పలేదు. ఎందుకు చూస్తోందో ఆ తోటలో నాకొక్కదానికే తెలుసు.

బయట వేలాడే బోర్డు మీద గంట బొమ్మ ఎందుకో పెద్దది స్కూల్లో నేర్చుకుందట. రెండో రిచర్డ్ రాజు 1393లో బీరు అమ్మే ప్రతి ఇంటి ముందూ గుర్తు వేలాడదీయాలని చట్టం చేశాడనీ, చదువురాని వాళ్ళు బొమ్మ చూసి ఇల్లు గుర్తుపట్టేవాళ్ళనీ అమ్మమ్మకి వివరించింది.

"మేం అక్షరాలు నేర్చుకున్నాక చేసిన మొదటి పని దుకాణం మూయించడమే" అంది అమ్మ, మామూలు గొంతుతో.

నా కూతురు తినడం ఆపేసింది. అమ్మ అంతా చెప్పింది. మీ తాతకి జ్వరమొచ్చినా ప్యాకెట్ మానేవాడు కాదని చెప్పింది. పండక్కి బట్టలు కొనాలని డబ్బాలో దాచిన డబ్బు పోయిన సంగతీ, నేను తలుపు వెనక దాక్కున్న సంగతీ చెప్పింది. దుకాణం దగ్గర రాత్రంతా లాంతరు పెట్టుకుని కూర్చున్నారని చెప్పింది. నేను పదేళ్ళుగా దాచింది ఆమె పదిహేను నిమిషాల్లో చెప్పేసింది, పిల్లకి ఎంత అర్థమవుతుందో అంతే చెప్పింది. తాతని చెడ్డవాడని ఒక్కసారి కూడా అనలేదు.

"మరి ఇక్కడికి ఎందుకొచ్చావు అమ్మమ్మా?"

"మా కాడ ఆడోళ్ళం బయట నిలబడుకొని ఏడిచేవోళ్ళం పాపా. ఈడ లోపల కూర్చోనుండారు, బిడ్డలతో. ఎట్టుంటాదో చూడాలనిపించింది."

అమ్మ మెత్తబడిందని నేను అనుకోవడం లేదు. తాగుడంటే ఆమెకి ఇప్పటికీ అసహ్యమే. నాకూ భయమే. ఆ తోట ఎంత ప్రశాంతంగా ఉన్నా, ఈ దేశంలోనూ తాగుడు కొంపలు ముంచింది. ఇంటికొచ్చాక నేనూ కూతురూ కలిసి చదివాం. లండన్‌లో జిన్ తాగుడు అదుపు తప్పితే 1751లో చట్టం తేవాల్సి వచ్చింది. 1832లో ప్రెస్టన్‌లో ఏడుగురు మగవాళ్ళు మద్యం ముట్టబోమని సంతకాలు చేశారు. 1876లో ఇక్కడి ఆడవాళ్ళు మద్యానికి వ్యతిరేకంగా సొంత సంఘమే పెట్టుకున్నారు. "అంటే వీళ్ళకీ అమ్మమ్మలున్నారు" అంది నా కూతురు.

ఈ దేశపు చట్టం ప్రకారం పదహారేళ్ళు నిండితే పబ్బులో పెద్దవాళ్ళతో కలిసి భోజనం చేసేటప్పుడు, పెద్దవాళ్ళు కొనిస్తే బీరు తాగొచ్చు. ఆ సంగతీ దానికి తెలుసు. "అప్పుడు వద్దంటావా?" అని అడిగింది. వద్దనే అంటాను, ఎందుకో ఈసారి నీకు తెలుసు, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను. అది ఇంకేం అడగలేదు.

సెప్టెంబరులో కొత్త స్కూల్లో ఇంటి పెద్దల్లో ఒకరి గురించి రాసుకు రమ్మన్నారు. అమ్మ ఉల్లిపాయలు తరుగుతుంటే ఇది నోట్‌బుక్ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"దుకాణం ముందు ఎంతమంది కూర్చున్నారు అమ్మమ్మా?"

"ఇరవై ముగ్గురం. పేర్లు చెప్తా, రాసుకో."

కత్తి పక్కన పెట్టి, వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టింది.