వీణ ట్రాక్ ఖాళీగా వెళ్లింది

చెల్లి పెళ్లికి బెర్లిన్ నుంచి వచ్చానన్న మాటే గానీ, ఒక డాక్యుమెంటరీ మిక్సింగ్ నా వెంటే వచ్చింది. పసుపు దంచిన రోజు రాత్రి కృష్ణానగర్‌లో, నాకు పని నేర్పిన అన్న స్టూడియోలో కూర్చుని అది ముగించి, ఆ ప్రాజెక్టును, అంటే క్యూబేస్ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ ఫైలును, బెర్లిన్ ఆఫీసుకు పంపాను. మర్నాడు మధ్యాహ్నం మా సీనియర్ మెయిల్: "పదకొండు ప్లగిన్లు దొరకడం లేదు. నువ్వు పక్కన లేకపోతే తెరుచుకోని సెషన్ పూర్తయినట్టు కాదు." సెషన్ అంటే నేను పంపిన ప్రాజెక్టే. ప్లగిన్లంటే క్యూబేస్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు, శబ్దాన్ని మార్చేవీ వాద్యాల్లా మోగేవీ.

ఆ మెయిల్‌లోని రెండో వాక్యం పొద్దుగూకేదాకా నన్ను వదల్లేదు. కృష్ణానగర్‌లో సెషన్ తెరుచుకోకపోతే ఫోన్ చేస్తారు. హార్డ్ డిస్క్ జేబులో వేసుకుని బండి మీద వెళ్లి కూర్చుంటాం. నేను ఇక్కడ పనిచేసిన ఆరేళ్లలో ఏ ఫైలూ మనిషి తోడు లేకుండా గడప దాటలేదు. దాన్ని నిర్లక్ష్యం అంటే నేను ఒప్పుకోను, మనిషి వస్తాడన్న నమ్మకం మీదే ఇక్కడ పని నడుస్తుంది. మా బెర్లిన్ ఆఫీసులో సాయంత్రం ఆరు దాటితే ఎవరూ ఫోన్ ఎత్తరు. కాబట్టి ఫైలు తన సంగతి తానే చెప్పుకోవాలి. ఆయన రాసింది తప్పు కాదు. అయినా మనసు చివుక్కుమంది.

అన్న దగ్గరికి పోతే ముందు "అన్నం తిన్నావారా?" అనే అడిగాడు. తర్వాత స్క్రీన్ చూశాడు. కారణం ఐదు నిమిషాల్లో తేలింది. అన్నది పాత విండోస్ సిస్టమ్. ప్లగిన్లలో చాలావరకు వీఎస్‌టీ2 అనే పాత రకం, అంటే విండోస్‌కు చెందిన డీఎల్ఎల్ ఫైళ్లు. మా ఆఫీసువి ఎం1 చిప్ మ్యాకులు. వాటిలో క్యూబేస్‌ను రోసెట్టా (ఇంటెల్ మ్యాక్‌ల ప్రోగ్రాములను నడిపించే సాధనం) లేకుండా నడిపితే, తర్వాతి రకమైన వీఎస్‌టీ3 ప్లగిన్లనే తీసుకుంటుంది. వీఎస్‌టీ3 వచ్చింది 2008లో. క్యూబేస్ తయారుచేసే స్టైన్‌బర్గ్ 2018లో వీఎస్‌టీ2 ప్లగిన్లు తయారుచేసుకునే కిట్ ఇవ్వడం కూడా ఆపేసింది. అక్కడ వాళ్లు ఎన్నిసార్లు రీస్కాన్ చేసినా లాభం లేదు.

బేస్, ట్రెబుల్ సరిచేసే ఈక్యూ ప్లగిన్ పోతే శబ్దం రంగు మారుతుంది, అంతే. వీణ అలా కాదు. అది ఇన్‌స్ట్రుమెంట్ ప్లగిన్, వీణ శబ్దాన్ని పుట్టించేదే అది. మా సీనియర్ స్క్రీన్ మీద మిడి నోట్లన్నీ, అంటే ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే గుర్తులన్నీ, వరసగా ఉండి ఉంటాయి, వాయించేవాళ్లే లేరు.

అన్న సాయంత్రం డబ్బింగ్ మర్నాటికి మార్చేశాడు. ఏడు ప్లగిన్లకు అవే కంపెనీల వీఎస్‌టీ3 దొరికాయి. పాత విండో ఎడమవైపు, కొత్తది కుడివైపు పెట్టుకున్నాం. "థ్రెషోల్డ్ మైనస్ పద్దెనిమిది, రేషియో మూడు" అని అన్న చదువుతుంటే నేను ఒక్కో నాబ్ తిప్పాను. మిగతా నాలుగింటి ట్రాకులను, వీణతో సహా, రెండర్ చేసి, అంటే ప్లగిన్ అక్కర్లేకుండా మోగే 24 బిట్ వేవ్ ఆడియో ఫైళ్లుగా మార్చి, అసలు ప్రాజెక్టును వేరే కాపీలో దాచాం. పంపే ముందు అన్న, పాత ప్లగిన్లు క్యూబేస్‌కు దొరక్కుండా వాటి ఫోల్డర్ పేరు మార్చి క్యూబేస్ మళ్లీ తెరవమన్నాడు. మిస్సింగ్ అన్న బాక్స్ రాలేదు. వీణ మోగింది.

"ఇది అప్పుడు నాకు నేర్పలేదేం అన్నా?"

"అవసరం పడలేదురా తమ్మీ. పిలిస్తే పోయేటోళ్లం గదా."

ఫైలు అప్‌లోడ్ అయ్యేసరికి రాత్రి పదకొండున్నర, అక్కడ ఎనిమిది. నేను బ్యాగు సర్దుకుంటుంటే అన్న రెండు కప్పుల్లో చాయ్ పోసి మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంకో గంట ఉందాం. వాళ్లు తెరిచి ఫోన్ చేస్తరేమో."

ఎవరూ చేయరని చెప్పలేకపోయాను. ఫోన్ టేబుల్ మీద పెట్టి నేనూ కూర్చున్నాను.