రేట్ల పీడీఎఫ్ సర్వర్లో పెట్టేవాళ్లకు

రొయ్యల రేట్ల పీడీఎఫ్ పెట్టేవాళ్ల తిప్పలు సగం ఫైలు పేరు దగ్గరే మొదలవుతాయి. తెలుగులో పేరు పెట్టకండి. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు, లింకులో ఒక్కో బైటుకి (%E0 లాగా) 3 అక్షరాలు. గుణింతాలు, పొల్లు కలిపి 8 గుర్తులున్న ‘నెల్లూరు’ ఒక్కటే 72 అక్షరాలవుతుంది. అది ఏ ఊరి ఫైలో ఎవరికి తెలుస్తుంది? ఇంగ్లీషు చిన్నక్షరాలు, అంకెలు, హైఫన్ చాలు. లినక్స్ సర్వర్లో పెద్దక్షరం, చిన్నక్షరం వేరు, తేడా వస్తే 404, అంటే ఫైలు దొరకలేదని వస్తుంది.

403 (చూడ్డానికి అనుమతి లేదు) వస్తే పర్మిషన్లు చూడండి: ఫైలుకి 644 (మార్చేది యజమాని, మిగతావాళ్లు చదవడమే), ఫోల్డర్‌కి 755 (మిగతావాళ్లు లోపలికెళ్లి చూడ్డమే). ఎంత తొందరున్నా, ఎవరైనా మార్చేయగలిగే 777 ఇవ్వొద్దండీ.

పాత ఫైలు మీదే నేరుగా ఎక్కిస్తుంటే మధ్యలో నెట్ పోయిందనుకోండి, కావలి రైతు ఫోన్లో సగం ఫైలే దిగుతుంది, తెరుచుకోదు. అదే ఫోల్డర్లోకి వేరే పేరుతో ఎక్కించి, పూర్తయ్యాక పేరు మార్చే ఎంవీ (mv) కమాండుతో అసలు పేరుకి మార్చండి. లింకు అదే ఉంటుంది.